ఆసుపత్రి వార్డులో నిజమైన టీమ్‌ని తయారు చేయడం ఎలా

ఒకే వార్డులో, ఒకే రోస్టర్ మీద పనిచేస్తున్నంత మాత్రాన ఇరవై మంది ఒక టీమ్ అయిపోరు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీమ్‌ల తీరు మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మైకేల్ వెస్ట్ నిజమైన టీమ్‌కి మూడు గుర్తులు చెబుతారు. అందరికీ తెలిసిన ఉమ్మడి లక్ష్యం ఉండాలి. ఒకరి పని పూర్తికావాలంటే ఇంకొకరి పని అవసరమయ్యేలా ఉండాలి. చేసిన పని ఎలా జరిగిందో అందరూ కలిసి క్రమం తప్పకుండా చూసుకోవాలి. మొదటి రెండూ చాలా వార్డుల్లో ఎంతోకొంత కనిపిస్తాయి. మూడోది కనిపించడమే అరుదు.

మీరు ఇన్‌చార్జ్ సిస్టర్ అయినా, యూనిట్ చీఫ్ అయినా, క్వాలిటీ విభాగం చూస్తున్నా, కింద చెప్పిన వరుసలోనే మొదలుపెట్టండి. వరుస మారిస్తే పని చెడుతుంది. తప్పులు చెప్పండని ముందే సిబ్బందిని అడిగి, చెప్పినవాళ్లను కాపాడే పద్ధతి ఆ తర్వాత ఆలోచిద్దామనుకుంటే, మొదట నోరు విప్పిన మనిషే నష్టపోతాడు. రెండో మనిషి ఇక నోరు విప్పడు. విహారయాత్రలు, బహుమతులు, గోడ మీద నినాదాలు ఈ వరుసలో లేవు. వాటిలో చెడు ఏమీ లేదు. కానీ ఆరు నెలలుగా చెబుతున్న సమస్య తీరని చోట అవి చిరాకునే పుట్టిస్తాయి.

ఇంకో సంగతి మొదటే గుర్తుపెట్టుకోండి. ఆసుపత్రిలో మనుషులు మారుతూనే ఉంటారు. ఉదయం ఉన్నవాళ్లు రాత్రి ఉండరు, జూనియర్ డాక్టర్లు కొన్ని నెలలకే వేరే యూనిట్‌కి వెళ్లిపోతారు. అందుకే ఇక్కడి టీమ్‌ని స్నేహాల మీద నిలబెట్టలేం. ఇంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు కూడా ఆ రోజు సాఫీగా కలిసి పనిచేయగలిగేంత గట్టి అలవాట్లు కావాలి.

1. టీమ్‌లో ఎవరెవరున్నారో కాగితం మీద పెట్టండి

ఒక రోగి వార్డులో చేరిన దగ్గర్నుంచి డిశ్చార్జి అయ్యేదాకా ఎవరెవరు అతని దగ్గరికి వస్తారో, అతని కోసం ఎవరెవరు పనిచేస్తారో రాయండి. డాక్టర్లు, నర్సులతో ఆపేయకండి. వార్డ్ బాయ్, ఆయా, హౌస్‌కీపింగ్, ఫార్మసిస్ట్, ఫిజియోథెరపిస్ట్, ల్యాబ్ టెక్నీషియన్, బిల్లింగ్‌లో కూర్చునే మనిషి అందరూ రావాలి. రాత్రి మంచం మీంచి దిగబోయి తూలిన రోగిని మొదట చూసేది చాలాసార్లు ఆయానే. ఆమె పేరు జాబితాలో లేకపోతే ఆమె చూసిన విషయం కూడా మీదాకా రాదు.

ఒక షిఫ్ట్‌లో కలిసి పనిచేసేవాళ్లు పన్నెండు మందికి మించితే బెడ్ల వారీగా రెండు టీమ్‌లు చేయండి. అంతకంటే పెద్ద గుంపులో ప్రతి పనీ ఇంకెవరో చూస్తారులే అన్న ధీమా మీద వదిలేస్తారు.

అదే కాగితం కింద మూడు ప్రశ్నలకు జవాబులు రాసి ఫోన్ పక్కన అతికించండి. ఖాళీ బెడ్ ఎవరికివ్వాలో తేల్చేది ఎవరు? రోగి పరిస్థితి దిగజారితే మొదటి ఫోన్ ఎవరికి? పది నిమిషాల్లో జవాబు రాకపోతే రెండో ఫోన్, మూడో ఫోన్ ఎవరికి? మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. పెద్ద డాక్టర్‌ని అర్ధరాత్రి లేపితే తిడతారన్న భయంతో తెల్లారేదాకా ఆగిన సందర్భాలు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటాయి. ఎవరికి చేయాలో చీఫ్ సంతకంతో గోడ మీద రాసి ఉంటే, ఫోన్ చేయడం అతి చొరవ అనిపించుకోదు, డ్యూటీలో భాగం అవుతుంది.

2. మూడు నెలలకు ఒకే లక్ష్యం పెట్టుకోండి

'నాణ్యమైన వైద్యం' అనేది లక్ష్యం కాదు. ఈ రోజు దాన్ని సాధించామో లేదో ఎవరూ చెప్పలేరు. 'ఈ మూడు నెలల్లో మన వార్డులో కొత్తగా ఒక్క బెడ్ సోర్ (ఎక్కువసేపు ఒకే వైపు పడుకోవడం వల్ల పడే పుండు) కూడా రాకూడదు' అనేది లక్ష్యం. 'నొప్పి అని చెప్పిన 15 నిమిషాల్లో రోగి దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లాలి' అనేదీ లక్ష్యమే. లెక్కపెట్టగలిగేది, వార్డులో ఉన్నవాళ్ల చేతిలో ఉన్నది ఎంచుకోండి. పై విభాగం బడ్జెట్ ఇస్తే తప్ప కానిదాన్ని మొదటి లక్ష్యంగా పెట్టకండి, మొదటి ప్రయత్నమే ఓడిపోతే రెండోదానికి ఎవరూ రారు.

లక్ష్యాన్ని ఎంచుకోబోయే ముందు వారం రోజుల పాటు సిబ్బందిలో ఒక్కొక్కరితో ఐదేసి నిమిషాలు మాట్లాడండి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెల్త్‌కేర్ ఇంప్రూవ్‌మెంట్ 2017లో పనిలో సంతోషం గురించి వెలువరించిన పత్రం కూడా ఇక్కడే మొదలుపెట్టమంటుంది. మీకు ఏది ముఖ్యమని అడగండి, ఆ తర్వాత దానికి అడ్డుపడుతున్నవేమిటో అడగండి. వచ్చే జవాబులు చాలావరకు చెప్పులో రాయిలాంటివి, చిన్నవే కానీ అడుగడుగునా గుచ్చుకునేవి. బీపీ మెషీన్ ఒకటే ఉంది, దాన్ని వెతకడానికే రోజూ తిరగాల్సి వస్తోంది. స్టోర్ తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. ప్రింటర్‌లో కాగితం ఉండదు. వీటిలో ఒకటి రెండు వారంలోపే తీర్చి చూపండి. పెద్ద మాటలేవీ చెప్పకముందే, చెబితే జరుగుతుందన్న నమ్మకం అక్కడ పుడుతుంది.

3. షిఫ్ట్ మొదట్లో పది నిమిషాల హడిల్

హడిల్ అంటే నిలబడి మాట్లాడుకునే చిన్న సమావేశం. కుర్చీలు వేస్తే అరగంట అవుతుంది. రోజూ ఒకే సమయం, ఒకే చోటు ఉండాలి, బోర్డు ముందు అయితే ఇంకా మేలు. పది నిమిషాలు ఇలా పంచుకోండి.

- మొదటి నిమిషం: పేరు, ఈ రోజు చేసే పని. కొత్త ముఖం ఒక్కటి ఉన్నా అందరూ చెప్పాలి.
- తర్వాతి నాలుగు నిమిషాలు: ఈ షిఫ్ట్‌లో మనల్ని కంగారు పెట్టగల రోగులు ఎవరు? ముగ్గురు నలుగురికి మించి వద్దు. ఒక్కొక్కరి గురించి ఏం జరగవచ్చు, జరిగితే ఎవరు ఏం చేస్తారు అన్నంతవరకే.
- తర్వాతి రెండు నిమిషాలు: ఎంతమంది ఉన్నాం, ఎవరు రాలేదు, ఏ పరికరం పనిచేయడం లేదు, ఒకే పేరున్న రోగులు ఇద్దరున్నారా.
- తర్వాతి రెండు నిమిషాలు: నిన్న బోర్డు మీద రాసిన సమస్యలు ఏమయ్యాయి.
- చివరి నిమిషం: హౌస్‌కీపింగ్, వార్డ్ బాయ్, జూనియర్‌లను పేరుపెట్టి పిలిచి, 'మీరు చూసినదాంట్లో మాకు తెలియనిది ఏమైనా ఉందా?' అని అడగండి. 'ఎవరికైనా ఏమైనా డౌట్లున్నాయా?' అని గాల్లోకి అడిగితే జవాబు రాదు.

బోర్డు మీద మూడు గళ్లు చాలు: సమస్య, ఎవరు చూస్తున్నారు, ఎప్పటిలోగా. రెండో గడిలో విభాగం పేరు రాయకండి, మనిషి పేరు రాయండి. 'మెయింటెనెన్స్' అని రాసిన సమస్య నెలల తరబడి అక్కడే ఉంటుంది.

హడిల్ చెడిపోయే దారులు నాలుగు. పెద్దాయన వచ్చేదాకా ఆగడం మొదటిది. ఇద్దరున్నా సమయానికి మొదలుపెట్టండి, ఆగితే పదిహేను రోజుల్లో అందరూ ఆలస్యంగా రావడం నేర్చుకుంటారు. రెండోది, నిన్నటి తప్పుకి అందరి ముందూ మందలించడం. ఆ ఒక్క రోజుతో హడిల్ మూగబోతుంది. మూడోది, ఒకే మనిషి పదినిమిషాలూ మాట్లాడటం. నడిపే బాధ్యతని వారానికొకరికి మార్చండి, జూనియర్ నర్సుకి కూడా ఇవ్వండి. నాలుగోది డాక్టర్లు రాకపోవడం. దీనికి సర్క్యులర్ పనిచేయదు. రౌండ్స్‌కి సరిగ్గా ముందు, రౌండ్స్ మొదలయ్యే చోటే హడిల్ పెట్టండి. హడిల్‌కి వచ్చిన రోజు తర్వాత తనకొచ్చే ఫోన్లు తగ్గాయని ఒక్క డాక్టర్ గమనిస్తే మిగతావాళ్లను ఆయనే తీసుకొస్తారు.

పేర్లు చెప్పుకోవడం చాలామందికి లాంఛనంగా అనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్‌లోని 19 అంశాల్లో, ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నవాళ్లందరూ పేరు, పాత్ర చెప్పుకోవడం ఒకటి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో ఆ చెక్‌లిస్ట్‌ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద కాంప్లికేషన్లు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. అదే చెక్‌లిస్ట్‌ని కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు అమలుచేశాక చూస్తే చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదని 2014లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఎందుకన్నదాని మీద వాదనలున్నాయి. ఎక్కువమంది చూపించే కారణం ఒకటుంది: ఆదేశం వచ్చింది కాబట్టి టిక్కులు పడ్డాయి, మాటలు జరగలేదు. మీ వార్డులో ఏ ఫారం ప్రవేశపెట్టినా ఈ రెండో ఫలితాన్ని గుర్తుపెట్టుకోండి. అన్ని గళ్లలోనూ ఒకే పెన్నుతో, ఒకే వేగంతో టిక్కులుంటే, షిఫ్ట్ చివర ఒకేసారి కూర్చుని నింపారని అర్థం.

4. ఫోన్‌లోనూ, హ్యాండోవర్‌లోనూ మాట్లాడే పద్ధతిని ఖాయం చేయండి

నర్సులకు రోగి కథంతా వరసగా చెప్పడం అలవాటు, డాక్టర్లకు సారాంశం వినడం అలవాటు. ఇద్దరి చదువూ అలా సాగింది. అర్ధరాత్రి ఫోన్‌లో ఈ రెండు అలవాట్లు ఢీకొని ఇద్దరికీ విసుగు పుడుతుంది. దీనికి విరుగుడు ఎస్‌బార్. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో పుట్టిన పద్ధతిది, అక్కడి కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ ద్వారా ఆసుపత్రుల్లోకి వచ్చింది. నాలుగు మెట్లు: ఇప్పుడేం జరుగుతోంది, దానికి ముందు సంగతి, నా అంచనా, నాకేం కావాలి. ఒక ఫోన్ కాల్ ఇలా ఉంటుంది.

'డాక్టర్ గారూ, సర్జికల్ వార్డు నుంచి నైట్ డ్యూటీ సిస్టర్‌ని మాట్లాడుతున్నాను. 14వ బెడ్ పేషెంట్‌కి పల్స్ 118కి పెరిగింది, బీపీ 92/58కి పడిపోయింది.'

'వయసు 58, మొన్న పేగు ఆపరేషన్ అయింది. సాయంత్రం ఆరింటికి పల్స్ 88, బీపీ 124/78. బరువు 60 కిలోలు, గత నాలుగు గంటల్లో యూరిన్ 60 ఎం.ఎల్. మాత్రమే వచ్చింది. జ్వరం 101.'

'లోపల లీక్ అయ్యి ఇన్ఫెక్షన్ మొదలైందేమోనని నా అనుమానం.'

'మీరు పది నిమిషాల్లో వచ్చి చూడాలి. ఈలోపు ఏం మొదలుపెట్టమంటారు?'

అరనిమిషంలో అయిపోతుంది. 60 కిలోల మనిషికి గంటకు 30 ఎం.ఎల్. చొప్పున నాలుగు గంటల్లో కనీసం 120 ఎం.ఎల్. యూరిన్ రావాలి, వచ్చింది అందులో సగం. డాక్టర్ ఇంకేమీ అడగక్కర్లేకుండా బయలుదేరడానికి ఆ ఒక్క అంకె చాలు. జూనియర్లు తడబడేది చివరి రెండు మెట్ల దగ్గర. 'నా అంచనా' చెప్పడం తన హద్దు దాటడమేమో అనుకుంటారు, 'నాకేం కావాలి' అనేది ఆజ్ఞాపించినట్టుందేమో అని భయపడతారు. కాబట్టి ఆ రెండు మాటలూ చెప్పమని డాక్టర్లే నోటితో అడగాలి: 'మీకేమనిపిస్తోంది సిస్టర్? నన్ను రమ్మంటారా?' నెల రోజులు ఇలా అడిగితే తర్వాత అడగక్కర్లేదు.

ఫోన్‌లో ఆర్డర్ తీసుకుంటే రాసుకుని, తిరిగి చదివి వినిపించి, అవునని అనిపించుకోవాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. 'ఒకటి, ఐదు. పదిహేను మిల్లీగ్రాములు. అంతే కదా డాక్టర్ గారూ?' అని అంకెలు విడదీసి చెప్పండి. ఎమర్జెన్సీలో కూడా ఇదే సూత్రం. 'ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి' అంటే ఇద్దరు ఇవ్వవచ్చు, అసలెవరూ ఇవ్వకపోవచ్చు. పేరుపెట్టి చెప్పాలి, విన్న మనిషి తిరిగి పలకాలి, ఇచ్చాక 'ఇచ్చాను' అని గట్టిగా చెప్పాలి.

షిఫ్ట్ మారేటప్పుడు రోగుల బాధ్యతని అప్పగించే హ్యాండోవర్‌కి ఐ-పాస్ అనే వరుస బాగుంటుంది: రోగి ఎంత సీరియస్, క్లుప్తంగా సంగతి, చేయాల్సిన పనులు, ఏమైనా జరిగితే ఏం చేయాలి, చివర్లో అందుకున్న మనిషి తన మాటల్లో తిరిగి చెప్పడం. తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో జూనియర్ డాక్టర్లకు దీన్ని నేర్పాక వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, నివారించదగ్గ హాని 30 శాతం తగ్గాయని 2014లో ప్రచురించారు. హ్యాండోవర్‌కి పట్టే సమయం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ఇందులో మనవాళ్లు ఎగ్గొట్టేది చివరి మెట్టు. 'అర్థమైందా?' అంటే 'అయింది' అనే అంటారు. 'ఏం చేయబోతున్నారో ఒకసారి చెప్పండి' అని అడగండి.

వీలైనంతవరకు హ్యాండోవర్ రోగి మంచం దగ్గరే జరగాలి. ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు కలిసి డ్రిప్‌నీ, సిరింజ్ పంప్‌లోని రేటునీ, డ్రెయిన్‌నీ కళ్లతో చూడాలి. కేస్ షీట్‌లో గంటకు 5 ఎం.ఎల్. అని ఉండి పంప్ 50 మీద నడుస్తుంటే, అది పట్టుబడేది అక్కడే. ఇతరులు వినకూడని సంగతులు మాత్రం పక్కకు వెళ్లి చెప్పుకోండి.

5. నోరు విప్పడానికి మాటలు ఇవ్వండి, విన్నవాళ్లకు జవాబు నేర్పండి

'ఏ అనుమానమున్నా ధైర్యంగా చెప్పండి' అంటే సరిపోదు. ఇరవై ఏళ్ల అనుభవమున్న సర్జన్ని ఆపడానికి మొదటి ఏడాది నర్సుకి ధైర్యంతో పాటు మాటలు కూడా కావాలి. అమెరికా ప్రభుత్వ సంస్థలు 2006లో విడుదల చేసిన టీమ్‌స్టెప్స్ శిక్షణలో మూడు మెట్ల పద్ధతి ఉంది. మొదట ఆందోళన, తర్వాత ఇబ్బంది, ఆ తర్వాత భద్రత.

'సార్, నాకు కాస్త ఆందోళనగా ఉంది. కన్సెంట్ ఫారంలో కుడి మోకాలు అని ఉంది.'

'సార్, ఎడమ కాలికి డ్రేప్ (ఆపరేషన్ గుడ్డ) వేస్తున్నారు. ఇలా ముందుకెళ్లడం నాకు ఇబ్బందిగా ఉంది.'

'సార్, ఇది పేషెంట్ సేఫ్టీ విషయం. ఒక్క నిమిషం ఆపుదాం.'

మూడో మాట వినగానే ఎంత పెద్దవాళ్లయినా చేతులు ఆపాలి. ఈ నియమాన్ని చీఫ్ తానే అందరి ముందు ప్రకటించాలి, ముందుగా తన కేసులకే వర్తింపజేయాలి. దీనితోపాటే ఇంకో నియమం: మొదటిసారి చెప్పింది వినిపించుకోకపోతే రెండోసారి తప్పనిసరిగా చెప్పాలి. రెండోసారీ అంతే అయితే పై మనిషికి ఫోన్ చేయాలి, అది చాడీ కింద లెక్క కాదు. నెలకోసారి పదిహేను నిమిషాలు ఈ మాటల్ని పైకి అని సాధన చేయించండి. కాగితం మీద చదివిన మాట కంగారులో నోటికి రాదు, పైకి అన్న మాట వస్తుంది.

అసలు పరీక్ష ఆ తర్వాతి ఐదు సెకన్లలో ఉంటుంది. ఆపిన మనిషికి ఏం జవాబు వచ్చిందో మిగతా అందరూ చూస్తుంటారు, సాయంత్రానికి వార్డంతా తెలుస్తుంది. అనుమానం నిజమైతే: 'మంచి పని చేశారు సిస్టర్, సరిచేద్దాం.' అనుమానం ఉత్తదైతే: 'చూశాం, సరిగ్గానే ఉంది. మళ్లీ అనుమానమొస్తే మళ్లీ ఆపండి.' ఈ రెండోదే కష్టం, టీమ్‌ని నిలబెట్టేదీ ఇదే. ఉత్తుత్తి అలారం మోగించినందుకు చురక అంటించుకున్న మనిషి, నిజమైన అలారం రోజున కూడా ఆలోచిస్తూ నిలబడిపోతుంది.

అధికారాన్ని కాగితం మీద పెట్టి ఇస్తే ఏమవుతుందో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలోని ఐసీయూలు చూపించాయి. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే సన్నని గొట్టం) వేసేటప్పుడు చేతులు కడగడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, పూర్తి స్టెరైల్ డ్రేప్‌లు వాడటం, తొడ దగ్గర వేయకుండా ఉండటం, అవసరం తీరిన లైన్‌ని తీసేయడం అనే ఐదు అంశాలు డాక్టర్ పీటర్ ప్రొనోవోస్ట్ బృందం పట్టుకుంది. వీటిలో ఏదీ కొత్తది కాదు. డాక్టర్ ఒక మెట్టు దాటేస్తే ఆపే అధికారం నర్సులకు ఇవ్వడమే కొత్త. లైన్ ఇన్ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయని 2006లో ప్రచురించారు.

6. తప్పు బయటపడ్డప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోండి

తప్పులన్నిటికీ ఒకే శిక్ష అయినా, అసలు శిక్షే లేకపోయినా టీమ్ విరుగుతుంది. మూడు రకాలుగా విడదీయండి. ఒకటి, మానవ సహజమైన పొరపాటు: ఒకేలా కనిపించే రెండు ఆంపుల్స్ పక్కపక్కనే ఉండి ఒకదాని బదులు ఇంకోటి తీశారు. ఇక్కడ మనిషికి ఓదార్పు, అరకి మార్పు. రెండు, అడ్డదారి అలవాటు: రద్దీలో రిస్ట్ బ్యాండ్ చూడకుండా మందు ఇవ్వడం మామూలైపోయింది. మనిషికి నచ్చజెప్పండి, కానీ ఆ అడ్డదారి ఎందుకు అవసరమైందో ముందు కనుక్కోండి. బ్యాండ్ స్కానర్ సగం రోజులు పనిచేయకపోతే అలవాటు తప్పు ఎవరిది? మూడు, తెలిసీ చేసిన నిర్లక్ష్యం: తాగి డ్యూటీకి రావడం, చూడని బీపీని చూసినట్టు రాయడం. ఇక్కడ క్రమశిక్షణ చర్య తప్పదు, అది హోదా చూడకుండా జరగాలి. సీనియర్‌కి ఒక లెక్క, జూనియర్‌కి ఒక లెక్క అని ఒక్కసారి కనిపిస్తే ఈ పద్ధతిని ఇక ఎవరూ నమ్మరు.

రిపోర్ట్ రాసిన ప్రతి మనిషికీ 72 గంటల్లోపు జవాబు వెళ్లాలని నియమం పెట్టుకోండి. చేయలేకపోయినా 'ఇది ఇప్పుడు కుదరదు, కారణం ఇది' అని చెప్పండి. మనుషులు నిరాశను తట్టుకుంటారు. తమ మాట ఎక్కడికి పోయిందో తెలియకపోవడాన్ని తట్టుకోలేరు. పని మీద మనసు విరగడం చాలామందిలో అక్కడే మొదలవుతుంది.

రోగికి హాని జరిగిన తప్పులో భాగమైన డాక్టరో నర్సో లోపల కుంగిపోతారు. అమెరికా డాక్టర్ ఆల్బర్ట్ వూ 2000లో రాసిన వ్యాసంలో వీళ్లను రెండో బాధితులన్నారు. ఆ రోజే వాళ్లను మిగతా డ్యూటీ నుంచి తప్పించండి, ఒంటరిగా ఇంటికి పంపకండి, మర్నాడు ఒకరు ఫోన్ చేయండి. విచారణ ఎప్పుడు, ఎవరు, ఎలా చేస్తారో స్పష్టంగా చెప్పండి. వాళ్లను నలిపేసేది ఆ అనిశ్చితే.

7. పెద్ద కేసు తర్వాత ఐదు నిమిషాలు

కార్డియాక్ అరెస్ట్, ఊహించని మరణం, విపరీతమైన రద్దీ, ఇలాంటివి ఏవి జరిగినా షిఫ్ట్ దిగేలోపు డిబ్రీఫ్ చేయండి, అంటే జరిగినదాని గురించి అందరూ కలిసి మాట్లాడుకోండి. నాలుగే ప్రశ్నలు: ఏం బాగా జరిగింది? ఎక్కడ తడబడ్డాం? వచ్చేసారి ఒక్కటి మారిస్తే ఏం మారుద్దాం? అందరూ బాగానే ఉన్నారా? జూనియర్‌తో మొదలుపెట్టి సీనియర్‌తో ముగించండి. సీనియర్ ముందు మాట్లాడితే తర్వాతివాళ్లు ఆయన మాటకే తలూపుతారు. మార్చాల్సిన ఒక్కటీ బోర్డు మీదికి ఎక్కాలి.

8. రోస్టర్ సరిచేయకుండా ఉత్సాహం గురించి మాట్లాడకండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 బర్నౌట్‌ని జబ్బుగా లెక్కించలేదు, పని వల్ల వచ్చే స్థితిగా నమోదుచేసింది. శక్తి హరించుకుపోవడం, పని మీద విరక్తి, తాను పనికిరాననిపించడం దాని మూడు ముఖాలు. పని తీరు వల్ల వచ్చినదాన్ని యోగా క్లాసుతో తీర్చలేం, పని తీరే మారాలి. మీ చేతిలో ఉన్నవి ఇవి: రోస్టర్ నాలుగు వారాల ముందే ఇవ్వండి. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరుసలోనే మార్చండి, వెనక్కి తిప్పితే నిద్ర అలవాటు పడదు. రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటలు ఉంచండి. భోజన విరామానికి జంటలు కట్టండి, ఒకరు తింటుంటే వాళ్ల రోగులను ఎవరు చూస్తారో పేరుతో సహా ముందే తేలాలి. అది తేలకపోతే విరామం కాగితం మీదే ఉంటుంది. డబుల్ డ్యూటీలు ఎవరెవరు ఎన్ని చేశారో అందరికీ కనిపించేలా లెక్క పెట్టండి. అడిగితే కాదనలేని ఇద్దరు ముగ్గురి మీదే అవి పడుతుంటాయి, ముందుగా రాజీనామా చేసేదీ వాళ్లే.

మెచ్చుకోలు కూడా సూటిగా ఉండాలి. 'అందరూ బాగా చేస్తున్నారు' అన్నది ఎవరికీ అందదు. '9వ బెడ్ ఆయన మాట తడబడుతోందని మీరు పది నిమిషాల్లో పట్టుకోబట్టి స్కాన్ సమయానికి అయింది' అంటే అందుతుంది.

9. లెక్క చూసుకోండి

మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు మరోసారి ఐదు అంకెలు తీసుకోండి: హడిల్ జరిగిన రోజుల శాతం, బోర్డు మీది సమస్యల్లో గడువులోపు తీరినవి, రిపోర్ట్ చేసిన పొరపాట్లు, అనుకోని సెలవులు, రెండో మెట్టులో ఎంచుకున్న లక్ష్యం. వీటితోపాటు పేరు రాయక్కర్లేని మూడు ప్రశ్నల కాగితం: 'ఈ వార్డులో తప్పు చెప్పుకుంటే నాకు నష్టం జరుగుతుంది', 'నేను చెప్పిన సమస్యకి జవాబు వస్తుంది', 'నా వాళ్లకు జబ్బు చేస్తే ఇక్కడే చేర్పిస్తాను'. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. ఆరుగురి కంటే తక్కువమంది ఉన్న విభాగం ఫలితాన్ని విడిగా బయటపెట్టకండి, చేతిరాత చూసి ఎవరో పోల్చేస్తారు.

మొదటి మూడు నెలల్లో రిపోర్టయిన పొరపాట్ల సంఖ్య పెరుగుతుంది. యాజమాన్యం కంగారుపడేది ఇక్కడే, కొన్నిచోట్ల మొత్తం ప్రయత్నాన్నే ఆపించేస్తారు. హార్వర్డ్‌కి చెందిన ఏమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో, మంచి నాయకత్వం, కలుపుగోలుతనం ఉన్న నర్సింగ్ టీమ్‌లలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ దాచుకోకుండా మాట్లాడుకోగలగడమే దానికి కారణమని ఆమె తేల్చారు. కాబట్టి మొత్తం సంఖ్యని రెండుగా విడగొట్టి చూపించండి: రోగికి హాని జరిగినవి, హాని జరగకముందే పట్టుకున్నవి. రెండోది పెరిగి మొదటిది నిలకడగా ఉన్నా, తగ్గినా మీరు సరైన దారిలో ఉన్నట్టు. ఈ సంగతిని పని మొదలుపెట్టే ముందే సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా చెప్పి ఉంచండి. అంకెలు పెరిగాక చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది.

హడిల్ జరిగిన రోజులు 80 శాతానికి తగ్గితే కొత్తవేవీ మొదలుపెట్టకుండా ముందు దాన్నే సరిచేయండి. మీరు సెలవులో ఉన్న వారం లెక్కని విడిగా చూడండి. ఆ వారం హడిల్ ఆగిపోయి ఉంటే, అది ఇంకా మీ ఒక్కరి మీదే నడుస్తోందన్నమాట. తర్వాతి నెలంతా మీరు హడిల్‌లో వెనక నిలబడి, నడిపే పనిని పూర్తిగా మిగతావాళ్లకే వదిలేయండి.